హెలికాప్టరు తోకకు పుల్ల, మూతికి నిమ్మకాయ

"నవ్వొద్దల్లుడా! ముందు తోక చూడు, తర్వాత నవ్వుదువు" అంటూ గురుస్వామి ఆ బొమ్మ హెలికాప్టరును రెండు చేతుల్లో పెట్టుకుని, పురిటిబిడ్డను చూపించినట్టు చూపించాడు.

కరుణాకరం నవ్వలేదు. తర్లుపాడులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆ మనిషి, ఎవరేం చెప్పినా చివరిదాకా వినే రకం. దీని తీగలు రెండుసార్లు అతికించింది కూడా అతనే.

మూరెడు పొడవు బొమ్మ. రిమోటు నొక్కితే లేస్తుంది. గురుస్వామి దాన్ని తిరునాళ్లలో కొన్నది సరదాకు కాదు. ఊరి పక్కనే ఉన్న తన అర ఎకరం పొద్దుతిరుగుడు చేను గింజ పట్టింది మొదలు చిలకలు మందలుగా దిగుతున్నాయి. డబ్బా కొట్టి కొట్టి అతని భుజాలు పడిపోయాయి. హెలికాప్టరును చూసి చిలకలు పారిపోయిన మాట నిజమే. కానీ దిగేటప్పుడల్లా తోక రాళ్లకు తగిలి, చివరనున్న చిన్న ఫ్యాను విరిగేది. పెట్టెలో మూడు ఫ్యాన్లు వచ్చాయి. రెండు పోయాయి. ఇప్పుడు తోకకున్నదే ఆఖరుది.

"అది గూడ ఇరిగిందనుకో, ఉల్లిగడ్డలాయన కాటాలో ఏసొస్తా" అని గట్టు మీద నుంచి అతని భార్య పోలమ్మ గుర్తుచేసింది. ఆ సమయానికే ఊళ్లో మైకు మోగుతోంది: పాత ఇనుముకు, ప్లాస్టిక్కుకు ఉల్లిగడ్డలు!

ఆ ఆఖరు ఫ్యాను కోసమే మొన్న తోకకు అడ్డుగా ఏదైనా కట్టాలనుకున్నాడు గురుస్వామి. ఇరవై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చిన చెయ్యి. ఇంకేం తోస్తుంది? పలకతోనే చేశాడు. గోరు మందానికి చీల్చి, అంచులు అరగదీసి, ముఖం కనపడేంత నునుపు తెచ్చి తోకకు కట్టాడు. హెలికాప్టరు గిర్రున తిరిగింది, చేలో ఉన్న దుమ్మంతా లేపింది, తాను మాత్రం లేవలేదు.

"బరువయిందేమో మామా?" అన్నాడు ఇదంతా వింటున్న కరుణాకరం.

"పలక బరువేంది అల్లుడా! చంటిపిల్లోళ్లు సంకలో పెట్టుకొని బడికి పోలా?"

పలక తీసేసి, పాత సైకిల్ చక్రం పుల్లను ఒంచి తోక కింద సున్నాలా కట్టాడు. ఈసారి లేచింది. కానీ తోక వాలి, మూతి ఆకాశానికెత్తి, ముందుకు నొక్కితే వెనక్కి నడిచింది. చిలకల మీదికి పొమ్మంటే మిరపకాయలు ఎండబోసుకుంటున్న పోలమ్మ మీదికి పోయింది. ఆమె చేట అడ్డం పెట్టుకుని, "చిలకల్ని తరమను కొన్నావా, నన్ను తరమను కొన్నావా?" అని కేకలేసింది.

ఇది దిష్టేనని ఆమె తేల్చేసింది. కొత్త బండికి నిమ్మకాయ కట్టకపోతే ఇంకేమవుతుంది? నిన్న చిన్న నిమ్మకాయ ఒకటి, రెండు పచ్చిమిరపకాయలు నల్లదారంతో దాని మూతికి కట్టింది.

"లారీ అనుకున్నావా?" అన్నాడు గురుస్వామి.

"లారీ గూడ ఇన్నిసార్లు గుద్దలా."

ఇప్పుడు ముగ్గురూ చూస్తుండగా గురుస్వామి రిమోటు నొక్కాడు. హెలికాప్టరు తలవంచని కోడలిలా నిటారుగా లేచింది. నిమ్మకాయ ఊపుకుంటూ పువ్వుల మీదుగా తిన్నగా పోయింది. చిలకలన్నీ ఒక్కసారిగా చెదిరి గుట్టవైపు ఎగిరిపోయాయి. హెలికాప్టరు తిరిగి వచ్చి రాళ్ల మధ్యనే దిగింది. పుల్ల టింగుమంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"నా పుల్ల!" అన్నాడు గురుస్వామి.

"నా నిమ్మకాయ!" అంది పోలమ్మ.

ఇద్దరూ కరుణాకరం వైపు తిరిగారు. అతను పుల్లను, కాయను మార్చి మార్చి చూసి అన్నాడు: "రెండూను అత్తా. పుల్ల ఎనక్కి లాగతాంది, కాయ ముందుకు లాగతాంది. సరికి సరి."

"అంటే నాది తీస్తే?"

"మళ్లా నీ మీదికే."

"ఇన్నావా?" అని మొగుడి వైపు చూసి, ఉల్లిగడ్డల మైకు దూరమవుతున్నా పట్టించుకోకుండా పోలమ్మ కొంగు దులుపుకుని ఇంటికి పోయింది.

గురుస్వామి ముఖంలో మాత్రం వెలుగు నిలవలేదు. నిమ్మకాయను వేలితో నొక్కి చూశాడు. నాలుగు రోజుల్లో ఎండిపోతుంది, తేలికవుతుంది, తోక మళ్లీ వాలుతుంది. కోతకు ఇంకా ఇరవై రోజులున్నాయి. అతను వేలాడుతున్న నల్లదారం కొస తుంచి కాయ చుట్టూ కొలిచి, ముడివేసి కరుణాకరం చేతిలో పెట్టాడు.

"మార్కాపురం పోతాండావు గదా, ఈ దారానికి సరిపోయే కాయలు ఐదు తే. పెద్దయి అంటగడతారు, తీసుకోబాక. రసముందా లేదా అని పిసకబాక అల్లుడా, నీకు పుణ్యముంటది."