చాచాను దొంగన్న యంత్రం

మొన్న ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. మా పత్తి జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తాగా ఉండిన చాచా పోయాడట. ఫోన్ చేసిన మనిషి "చానా మంచోడు, ఎవర్నీ ఒక మాట అనింది ల్యా" అంటుంటే నాకు ఒళ్లు మండింది. చచ్చినవాడి కండ్లు చారెడు అని ఊరికే అన్నారా! నన్ను తిట్టందే ఆయనకు పొద్దున టీ గొంతు దిగేది కాదు.

ఎనభైల చివర్లో సంగతి. నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. కంప్యూటర్ కోర్సు చేసిన పిల్లనని షావుకారు నన్ను పనిలో పెట్టుకున్నాడు. మొదటి రోజే చాచా గడపలో నిలబడి నా బల్ల మీది కంప్యూటర్ యంత్రాన్ని ఎగాదిగా చూశాడు.

"ఏమ్మే, దీనికి పత్తిలో తేమ తెలుస్తాదా?"

"తెలీదు చాచా."

"మల్ల ఎందుకు తెచ్చినట్టు ఈ పీడను?"

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ పడింది లేదు.

రైతులు గోనె బోరేలలో పత్తి తెస్తే తూచేది ఆయన. ముల్లు నిలిచేదాకా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు, కాటా మీద వేలు పెట్టాడని ఎవరూ అనకూడదని. "కాటా కాడ చేతులు యెనక్కి పెట్టుకోవాల, నోరు ముందుకు పెట్టుకోవాల" అనేవాడు. రెండోది మరీ బాగా పాటించాడు మహానుభావుడు. ఆయన బరువు కేకేసి చెబితే నేను కంప్యూటర్లో కొట్టి చీటీ తీసేదాన్ని. దాని అడుగున ఆయన ఉర్దూలో సంతకం గీకి రైతుకు ఇచ్చేవాడు.

పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో, చీటీలు తీసే ప్రోగ్రాం అమ్మిన హైదరాబాదు కంపెనీ కొత్త ఫ్లాపీ పంపింది. పాతదానికంటే మెరుగైనదట, దాని మెరుగు మండ! అది ఎక్కించిన మర్నాటి నుంచి తెర మీద ఒకటే మాట: ఇది లైసెన్సు లేని కాపీ, వాడటం నేరం. మేం డబ్బు కట్టి కొన్నదే. కొత్త ఫ్లాపీ మా పాత లైసెన్సు నంబరును గుర్తుపట్టలేదు, అంతే. తెర మీద వస్తే ఒక మీట నొక్కి తరిమేసేదాన్ని. కానీ అదే మాట ఇంగ్లీషులో ప్రతి చీటీ అడుగునా అచ్చవుతుండేది, సరిగ్గా చాచా సంతకం పెట్టే చోట. కంపెనీకి ఉత్తరాలు రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఒకరోజు గేటు దగ్గర పక్క మిల్లు దళారి ఒకడు రైతు చేతిలోంచి చీటీ లాక్కుని అందరికీ వినపడేలా చదివాడు. "లైసెన్సు ల్యాదంటప్పా! నేరమంట! దొంగ కాటా ఇది, కింద చాచా సంతకం గూడా ఉంది సూడండి!" లైనులో ఉన్న బండ్లు కొన్ని అక్కడికక్కడే తిరిగిపోయాయి.

చాచా నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఆ రైతు చీటీ ఉంది.

"నన్ను బేమాన్ అంటాందా ఇది?"

"నిన్ను కాదు చాచా, ప్రోగ్రాంను."

"సంతకం ఎవురిది?"

కంపెనీ ఫోన్ నంబరు వెతికి ఆయన చేతిలో పెట్టాను.

అప్పటికప్పుడు హైదరాబాదుకు ట్రంకాల్ చేయించాడు. కొత్త నంబరు పోస్టులో పంపుతాం, కాస్త ఓపిక పట్టండి అన్నాడట అవతలివాడు. "ఓపికా? మీ నాయన్ని దొంగ దొంగ అని దినామూ మీ వాకిట్లో అరిస్తే పడతావేమిరా ఓపిక?" అని చాచా ఎత్తుకున్నాడు. షావుకారు పరుగున వచ్చి ఫోను లాక్కోవలసి వచ్చింది. ఆ తిట్లు నాకు మాత్రం చల్లగా తగిలాయి. కొన్నవాణ్నే దొంగ అనే ఆ తెగులు ఇంకా పోలేదు. ఇప్పటికీ అప్‌డేట్ అయ్యాక నా కంప్యూటర్లో అట్లాంటి హెచ్చరిక వస్తే, చాచా తిట్టిన తిట్టే నోట్లోకి వస్తుంది.

నంబరు వచ్చేదాకా ఆయన యంత్రం చీటీని ముట్టలేదు, అన్నీ చేత్తోనే రాశాడు. చివరికి నంబరు వచ్చింది. కొట్టాను. ఆ పాడు మాట మాయమైంది. "పోయింది చాచా!" అని సంబరంగా అరిచాను.

"బయటికి పోయిన చీటీల మింద పోయిందా? తప్పు రాసినోనికి తుడిచే బుద్ధి గూడా ఉండాల" అన్నాడు.

ఆదివారం నన్ను ఆలూరు బస్సెక్కించాడు. ఇంగ్లీషు చదివి ఏది ఆ చీటీయో చెప్పడానికి నేను కావాలట. రానంటే సోమవారం ఆ తిట్లు ఎవరు పడతారు? ఆయన చేతిలో కొత్తగా రాసిన చీటీల కట్ట. ఊరూరా తిరిగి పాతవి వెనక్కి తీసుకుని ఇవి ఇస్తాడట. దారంతా ఆ కట్టను పట్టుకుని చీటీలు మళ్లీ మళ్లీ లెక్కపెడుతూనే కూర్చున్నాడు. అంత పొగరుమోతు మనిషి, రైతు మొహం ఎట్లా చూడాలా అని భయపడుతున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. జాలి వేసింది. ఆ కంపెనీ మీద కోపం రెండింతలైంది.

ఆలూరు దాటాక ఒక పల్లెలో మొదటి ఇల్లు. రైతు అరుగు మీద బీడీ తాగుతున్నాడు.

"ఆ పొద్దు ఇచ్చిన చీటీ ఇట్ల తే అప్పా" అన్నాడు చాచా, తల దించుకుని.

"చీటీనా? అప్పుడే పొయ్యిలో పెట్టి బీడీ అంటిచ్చుకుంటి గదా!"

నాకు నవ్వు ఆగలేదు. చాచాకు మండింది. "దాని మింద నన్ను దొంగని రాసింటే, బీడీ అంటిచ్చుకుంటివా!"

"రాస్తే రాసుకోనీ. కాటా ఏసింది నువ్వు గదా చాచా. మల్ల చీటీలో సూసేదేముంది?" అన్నాడు రైతు మామూలుగా, బీడీ బూడిద దులుపుకుంటూ.

చాచా కట్టలోంచి ఆ రైతు చీటీ వెతికి తీసి, అతని చేతిలో పెట్టాడు. రైతు దాన్ని చూడకుండానే మడిచి తలగుడ్డలో దోపుకున్నాడు. చాచా అక్కడే నిలబడిపోయాడు, మిగతా చీటీలు చేతిలో గాలికి కొట్టుకుంటుంటే.

"తక్కిన ఇండ్లకు పోదామా చాచా?" అన్నాను.

"నోర్ముయ్ మే" అన్నాడు. అంత మెత్తగా ఆయన నన్ను ఎప్పుడూ తిట్టలేదు.