జాన్ పాల్ నోట్లో మన్ను

జాన్ పాల్ మట్టి తింటాడన్న మాట ఆటోనగర్ వెనక వీధిలో పుట్టి కంకిపాడు దాకా పాకింది. అందులో నిజమెంతో తేల్చకపోతే ఆ పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది. ఇంతమంది ఆ మాట మోశారు గానీ, జాన్ పాల్‌నే అడగడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

జాన్ పాల్ మొదట్లో ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసేవాడు. తర్వాత సముద్రం అడుగున బోరు వేసి మట్టి తీసే పరిశోధన ఓడలో టెక్నీషియన్‌గా చేరాడు. మనిషి బంగారం. మాట తక్కువ. మట్టి ఊసెత్తితే మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు. అతనికి కంకిపాడు మార్త కూతురు బ్లెస్సీతో సంబంధం కుదిర్చింది తెరేసమ్మ. ఆ వీధిలో పెళ్లైనా పురుడైనా ఆవిడ చెయ్యి పడాల్సిందే. ఆదివారం గుడిలో ఫాదరు గారు వీళ్ల పెళ్లి ప్రకటన చదవాలి.

సరిగ్గా ఆ వారమే ఎదురింటి రమాసుందరి తెరేసమ్మ దగ్గరికి ఆయాసపడుతూ వచ్చింది.

"వదినా, మీ పెళ్లికొడుకు బెంజ్ సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంటు గొయ్యి తవ్వుతుంటే నిలబడి, చిటికెడు మట్టి తీసి నోట్లో వేసుకున్నాడు! నా కళ్లతో చూశాను."

"అయితే ఏంటంట? మీ కృష్ణుడు తినలేదా?"

"తిన్నాడు. అప్పుడాయనకి సంబంధాలు చూడట్లేదుగా!"

సాయంత్రానికి మార్త ఫోను చేసింది. "తెరేసమ్మక్కా, కడుపుతో ఉన్నవాళ్లకి మట్టి మీదికి మనసు పోతుందంటే సరే. ఈ అబ్బాయికి ఎన్నో నెల? సంగతి తేలకపోతే ప్రకటన చదవొద్దని ఫాదరు గారికి చెప్పేస్తాను."

తెరేసమ్మ లెక్క వేసుకుంది. ఈ సంబంధం చెడితే ఆ పిల్లవాడికి ఇంకో పిల్ల దొరకదు. ఆవిడ మాటకి ఇంకో ఇల్లు దొరకదు. పోనీ నేరుగా అడుగుదామా అంటే, కాబోయే పెళ్లికొడుకుని పట్టుకుని మట్టి తింటావా అని ఏ నోటితో అడగడం? అందుకని, కడుపులో పురుగులుంటేనే మట్టి తింటారని నులిపురుగుల మాత్ర నూరి పాలకోవాలో కలిపి, శనివారం రెండు వైపులవాళ్లనీ భోజనానికి పిలిచింది.

చుట్టాలు రాకముందే ఆవిడ భర్త పుల్లయ్య వంటింట్లో నిలబడి ఆ కోవా ఊడ్చేశాడు. "బాగుంది గానే, కాస్త ఆసుపత్రి వాసనొస్తోంది," అంటూ మూతి తుడుచుకున్నాడు.

విస్తళ్లు వేశారు. మార్త జాన్ పాల్ నోటివంకే చూస్తూ మెల్లగా కదిపింది. "ఓడలో తిండి ఎలా ఉండేది బాబూ?"

"తిండిదేముందిలెండి, మట్టి గురించి అడగండి!" జాన్ పాల్ ముఖం వెలిగిపోయింది. "అంత లోతు నీళ్ల కిందికి గొట్టం దించి, మట్టిని చెరకు గడలా పైకి లాగుతామండీ. నిలువునా చీలిస్తే పొరలు పొరలు. పైది కొత్తది, కిందికి పోయేకొద్దీ పాతది, లక్షల ఏళ్లది. ఒక సగం పరీక్షలకి. రెండో సగం చల్లగా దాచుకుంటాం."

"దాచుకుంటారంట," అని మార్త తెరేసమ్మ మోచేతిలో పొడిచింది.

"ఒక పొర వెన్నలా ఉంటుంది. ఇంకోటి కరకరలాడుతుంది. నూకల కన్నా సన్నటి గవ్వలు కూడా తగుల్తాయి. వాటిని పరీక్ష చేసి, ఏ కాలంలో వానలు దంచాయో, ఏ కాలంలో కరువొచ్చిందో చెప్తారు. అదంతా నదులు మోసుకెళ్లిన మన్నేనండీ. మనుషులు అడవులు కొట్టి దుక్కులు దున్నడం మొదలెట్టాక, కొట్టుకొచ్చే మన్ను బాగా పెరిగిందని కూడా అందులోనే తేలింది."

"గవ్వలు కూడానా!" మార్త ముఖం పాలిపోయింది.

"అన్నం తిను నాయనా, అన్నం," అని తెరేసమ్మ గబగబా గోంగూర పచ్చడి వడ్డించింది.

జాన్ పాల్ ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. కళ్లు సగం మూసి దవడ అటూ ఇటూ మెల్లగా ఆడించాడు. మార్త విస్తరి ముందునుంచి లేచింది. "లేవ్వే బ్లెస్సీ, పోదాం."

బ్లెస్సీ లేవలేదు గానీ, తెరేసమ్మకి మాత్రం పెళ్లి గడప దాటి వెళ్లిపోతున్నట్టే కనిపించింది. ఇక మర్యాదలకు టైము లేదు.

"ఒరే జాన్ పాలూ, దాపరికం లేకుండా చెప్పు. నువ్వు మట్టి తింటావా?"

"అయ్యో, తిననండీ! ఏ మట్టో తెలియాలంటే చిటికెడు పళ్ల మధ్య పెట్టి చూస్తాం. గరగరలాడితే ఒండ్రు, నున్నగా జారితే బంకమన్ను. ఓడలో పెద్ద సైంటిస్టులదీ అదే అలవాటు. చూసి ఉమ్మేస్తాం."

బ్లెస్సీ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మార్త మళ్లీ కూర్చుని విస్తరి దగ్గరికి లాక్కుంది. తెరేసమ్మకి మాత్రం కుదురు లేదు.

"మరి ఇందాక ఆ దవడ ఆడించడమేంట్రా?"

జాన్ పాల్ తల వంచుకున్నాడు.

"గోంగూర ఇంకోసారి కడగాల్సిందండీ పిన్నీ. నలుగురిలో ఉమ్మితే బాగుండదని మింగేశాను. మట్టి తినడమంటారా, ఇవాళే మొదటిసారి, అదీ మీ ఇంట్లోనే."