బాలనర్సమ్మ వయొలిన్‌కు పట్టిన పురుగు

పోయిందనుకున్నది తిరిగి దక్కితే మనిషి ఎంత తేలికపడతాడో మొన్న కళ్లారా చూశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు నవ్వు వస్తోంది, మధ్యమధ్య ఒళ్లూ మండుతోంది. నవ్వు బాలనర్సమ్మ అక్కను తలచుకుని, మంట ఆ చంద్రకాంత్‌ను తలచుకుని.

బాలనర్సమ్మ నాకు చుట్టం కాదు, అయినా అక్కా అనే పిలుస్తాను. మెదక్‌లో మా గల్లీ చివర వరండాలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదును. మిగిలిన గుడ్డముక్క చిటికెన వేలంత ఉన్నా మడిచి జాకెట్‌తో పాటే ఇచ్చేస్తుంది. ఎవరైనా గీచిగీచి బేరమాడితే మాత్రం బట్ట చేతిలో పెట్టి దారి చూపిస్తుంది. పెళ్లిళ్ల కాలంలో ఆమెను పలకరించాలంటే నాకే భయం.

ఆ చేతులకు ఇంకో విద్య కూడా ఉంది. ఆమె తండ్రి నర్సింగం హరికథలు చెప్పేవారి పక్కన వయొలిన్ వాయించేవాడు. రేగోడ్ వైపు ఊళ్లలో కథ ఎక్కడ పెట్టినా, ఏడుపాయల జాతరలో మేళం దిగినా ఆయన ఉండాల్సిందే. మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని వేళ్లు పట్టి నేర్పాడు. ఆడపిల్లకు ఫిడేలు ఎందుకని అడిగినవాళ్లను ఆయన లెక్కచేయలేదు. ఆయన పోయాక ఆ వయొలిన్ అక్కకు మిగిలింది. శనివారం భజనలో ఆమె వయొలిన్, నా తబలా. అక్కకు పాడే గొంతు లేదు.

"మా నాయిన గొంతు ఇండ్ల ఉన్నది తమ్మీ, ఇగ నాదెందుకు?" అనేది.

నిజమే. లావు తీగ మీద కమాను వేస్తే ఎవరో పెద్దమనిషి పక్కగదిలో పాడుతున్నట్టే ఉండేది. అది ఆమెకు వాయిద్యం కాదు, సాక్షాత్తు సరస్వతి. స్నానం చేయకుండా ముట్టదు. శుక్రవారం పీట మీద పెట్టి పూజ చేస్తుంది. తలకిందులు చేయదు, ఊపదు, ఇంకొకరి చేతికి ఇవ్వదు.

అటువంటి వయొలిన్ కొంతకాలంగా గరగరమనడం మొదలుపెట్టింది. పై తీగలు బాగానే పలికేవి. లావు తీగ దగ్గరికి వచ్చేసరికి లోపల ఏదో అదిరి పాటంతా పాడయ్యేది. భజనలో ముందు కూర్చునే వజ్రమ్మ ఉండబట్టలేక, "ఏందే బాలనర్సూ, లోపట తుమ్మెదను పెంచుతున్నవా?" అంది. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. మరుసటి శనివారం నుంచి వయొలిన్ తేవడం మానేసింది. ఆ నోరు అంత మెత్తబడితే చూడలేకపోయాను. ముందటి అక్కే నయమనిపించింది.

సరిగ్గా అప్పుడే దిగాడు చంద్రకాంత్. బస్టాండు దగ్గరి ఫంక్షన్ హాల్ ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టాడు: పాత వయొలిన్ తెండి, కొత్తది తీసుకెళ్లండి. మిక్సీలకూ కుక్కర్లకూ ఎక్స్చేంజ్ మేళా చూశాం గానీ వయొలిన్లకేమిటి అని నవ్వుకున్నాను. కానీ వాడికి ఊరి సంగతి బాగా తెలుసు. ఇక్కడ చర్చి పాటల బృందాల్లో, భజన మండళ్లలో, అటకల మీద ఎన్ని పాత వయొలిన్లు పడి ఉన్నాయో మనకంటే వాడికే ఎక్కువ తెలుసు.

నాతో చెప్పకుండానే అక్క వెళ్లింది. వాడు సన్నటి అద్దం, చిన్న లైటు పెట్టి లోపలికి చూశాడట. డాక్టర్ చెడ్డ కబురు చెప్పేముందు పెట్టే మొహం పెట్టాడట.

"అమ్మా, పురుగు పట్టింది. లోపట కట్టె ముక్కలు ముక్కలైంది. గా చప్పుడు దాందే. ఇగ ఇది ఖతం. మీ నాయిన గుర్తంటున్నరు గదా, మీ మొహం జూసి కొత్తది ఇస్తున్న. నాకైతే దీంతోని ఏం ఫాయిదా లేదు."

బట్ట మూర తక్కువైతే చూడగానే పట్టేసే మనిషి, ఈ మాటకు పడిపోయింది. తన ప్రాణం అనుకున్నదాని గురించి చెబుతుంటే ఎవరి బుర్రయినా అంతే. పాతది ఇచ్చేసి, తళతళలాడే కొత్త వయొలిన్ తెచ్చుకుంది. సాయంత్రం నేను వెళ్లేసరికి దాన్ని వాయించి చూస్తోంది. డబ్బా మీద గీరినట్టుంది. అక్క కమాను పక్కన పెట్టి ఏడ్చింది. తండ్రి పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు.

తెల్లారి పళ్లెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు పెట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. చంకలో కొత్త వయొలిన్ పెట్టె.

"జర నాతోని రా తమ్మీ. బిడ్డను అత్తగారింటికి సాగదోలితే ఒడిబియ్యం పోస్తం. బర్రెను అమ్మినా బొట్టు పెడతం. మా నాయిన వయొలిన్‌ను ఉత్తగ ఇచ్చి వచ్చిన. రాత్రంత కన్ను మూతపడలే."

ఇద్దరం హాల్‌కి వెళ్లాం. లోపల ఇంద్రకరణ్ కూర్చున్నాడు. పెద్ద భూములున్న కుటుంబం, ఇప్పుడు విత్తనాల వ్యాపారం. పక్కన కూతురు శ్రేయ, హైదరాబాద్‌లో సంగీతం నేర్చుకుంటోంది. ఆ పిల్ల ఒళ్లో ఉన్నది అక్క వయొలినే. లావు తీగ మీద కమాను సాగుతోంది. గరగర లేదు. నర్సింగం గొంతు నిండుగా, శుభ్రంగా హాలంతా నిండింది. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

"వందేండ్ల కింద జర్మనీల చేసింది సార్. ఒక సంస్థానంల ఉండె," అంటున్నాడు చంద్రకాంత్. నిన్నటి పురుగుల పుట్ట ఒక్క రాత్రిలో జర్మనీ వెళ్లి వచ్చిందన్నమాట. నాకు మండుకొచ్చింది. నేను నోరు తెరిచేలోగా వాడు మమ్మల్ని చూసి, చెంగున లేచి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, లోపటి కట్టె అంత మార్పించిన. మస్తు తిప్పలైంది. పైన డొక్క ఒక్కటే మీది, లోపటంత కొత్తది. ఇగ అది మీది గాదు."

అక్క నమ్మింది. నమ్మడమే కాదు, వాడికి దండం పెట్టింది! నాకు తల కొట్టుకోవాలనిపించింది.

"బతికించినవు కొడుకా, సల్లగుండు. ఎవరింట్ల ఉన్నా పాడితే చాలు. నా డొక్కకు బొట్టు పెట్టుకొని పోత."

వాడు అడ్డం రాబోయాడు. ఇంద్రకరణే "పెట్టనియ్యి, మంచిదే గదా" అన్నాడు. అక్క వయొలిన్‌ను బల్ల మీద పడుకోబెట్టి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. కళ్లు మూసుకుని, శుక్రవారం ఇంట్లో ఎలా చల్లుతుందో అలాగే రెండు చేతుల నిండా అక్షింతలు చల్లింది. దండం పెట్టి, పైనున్న గింజలు మెల్లగా తుడిచి పిల్లకు ఇచ్చింది.

"ఇంకొక్కసారి వాయించు బిడ్డా, విని పోత."

శ్రేయ లావు తీగ మీద కమాను వేసింది. గర్ర్‌ర్‌మంది.

పిల్ల ఆపి మళ్లీ వేసింది. మళ్లీ అదే. చంద్రకాంత్ గబగబా వయొలిన్ కోసం చేయి చాచాడు. అక్క వాడి వైపు చూడలేదు. పళ్లెం వైపు చూసింది. వయొలిన్ మీది వంకర బెజ్జాల వైపు చూసింది. మళ్లీ పళ్లెం వైపు చూసింది. తర్వాత వయొలిన్ అందుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని చేసింది. దాన్ని బోర్లా తిప్పి రెండు చేతులతో ఊపింది.

బల్ల మీద పచ్చటి బియ్యపు గింజలు టపటపా రాలాయి.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఏడ్చింది. పైట కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "పురుగు గాదు తమ్మీ, బియ్యం! నా పూజబియ్యం! బతికున్నదాని నోట్లె నేనే బియ్యం పోసుకుంట కూసున్న!" అంది. నా గుండెల మీంచి కూడా బరువు దిగింది. ఆ హాల్‌లో అంతసేపూ నిలబడి ఉన్నానని అప్పుడు గుర్తొచ్చి కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు బయటికొచ్చింది అక్క నోరు.

"సూశినవు గదరా! అద్దం పెట్టి సూశినవు! బియ్యమని తెల్సి కూడ పురుగంటివి, నేను పోంగనే దులిపి అమ్మకానికి పెడితివి. తెల్వక తప్పు జేసింది నేను. తెల్సి జేసింది నువ్వు. జాకెట్ గుడ్డ మిగిలితే నేను వాపస్ ఇస్త. నువ్వు మా నాయిననే ఎత్కపోతుంటివి గదరా!"

వాడు "పొరపాటైందమ్మా, రెండూ మీరే ఉంచుకోండ్రి" అని బతిమిలాడాడు. అక్క కొత్త వయొలిన్ పెట్టెను వాడి కాళ్ల దగ్గర పెట్టింది. ఇంద్రకరణ్ ఎవరెవరికో ఫోన్లు చేశాడు. చర్చిలో పాడే దానమ్మ తన పాత వయొలిన్ కోసం పరుగున వచ్చింది. ఆమెదానికీ పురుగేనట! తీసుకున్నవన్నీ ఎవరివి వారికిచ్చేదాకా వాణ్ని కదలనివ్వలేదు. మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ దిగింది.

అక్క ఇవేవీ పట్టించుకోలేదు. తివాచీ మీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, కళ్లు మూసుకుని వాయించింది. నేను బల్ల మీద వేళ్లతో తాళం వేశాను. ఎంతసేపని అడగకండి, నాకు తెలియదు.

అయిపోయాక ఇంద్రకరణ్ దగ్గరికొచ్చి మర్యాదగా అడిగాడు.

"అమ్మా, నా బిడ్డ దీని మీద మనసు పడ్డది. ఆయనకు ఇస్తనన్న పైసలు మీకే ఇస్త. ఇస్తరా?"

అక్క శ్రేయ వైపు ప్రేమగానే చూసింది. వయొలిన్‌ను మాత్రం గుండెకు అదుముకుంది.

"నిన్న సచ్చిందనుకొని ఇచ్చిన సార్. బతికున్నదాన్ని ఎట్ల ఇస్త?"