సులోచనత్త వండేది, నేను రుచి చూసేదాన్ని

వెన్నలో వెల్లుల్లి వేగే వాసన వస్తే చాలు, నాకు సూరత్‌లో మేమున్న లింబాయత్ పేటలోని ఆ ఇరుకు వంటిల్లు గుర్తొస్తుంది. నిన్న సాయంత్రమూ అంతే. హోటల్లో పెట్టేలాంటి పాస్తా కావాలని నా కూతురు పట్టుపట్టింది. మరీ ఎర్రగా ఉండకూడదు, తెల్లగా ఉండకూడదు. నారింజ రంగులో చిక్కటి సాసు ఉండాలి, చెంచా ఎత్తితే చీజు తీగలా సాగాలి. వేగిన వెల్లుల్లి మీద టమాటా గుజ్జు పోయగానే చుయ్యిమని ఆవిరి లేచింది. ఆ పుల్లటి కమ్మదనం ముక్కుకు తగిలి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ సాసు నాకు నేర్పిన మనిషికి, నేర్పిన రోజుల్లో, దీని వాసన తెలియదు. రుచీ తెలియదు.

ఆమె పేరు సులోచన. మా పక్కింట్లో ఉండేది. వాళ్లదీ మాదీ సిరిసిల్ల వైపే. ఆమె భర్త రాజేశం మామ, మా నాన్న ఒకే కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవారు. పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి సూరత్ వచ్చిన నేత కార్మికులు చాలామంది ఆమె చేతి అన్నమే తినేవారు. వాళ్లలో ఒకతను తనకు కొడుకు పుట్టిన సంతోషంలో అత్తనూ మామనూ పెద్ద హోటల్‌కు తీసుకెళ్లాడట. అత్త జీవితంలో మొదటిసారి పాస్తా తిన్నది అప్పుడే. మిగతావాళ్లు మాట్లాడుకుంటుంటే ఆమె మాత్రం ఒక్కో చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుందట. తిరుగు ప్రయాణంలో ఆటో సగం దూరం వచ్చాక మామ భుజం తట్టి, "కాజు! పులుపు తెలుస్తది గానీ గొంతుల గుచ్చుతలేదు, ఎందుకని సోంచాయిస్తున్న. కాజు నూరి ఏసిండ్రు" అందట. మామ ఈ కథ చెప్పినప్పుడల్లా గర్వంగా నవ్వేవాడు. "నా పక్కన పెండ్లం కూసున్నదా, సీఐడీ కూసున్నదా అర్థం కాలే."

ఆ వారమే ఆమె మా గల్లీ అందరికీ పాస్తా వండి పెట్టింది. టమాటాలను వేడినీళ్లలో వేసి తొక్క తీసి, గింజలు నలగకుండా గుజ్జు చేసింది. నానబెట్టిన జీడిపప్పు వెన్నలా నూరింది. చివర్లో మీగడ, చీజు. పిల్లలం గిన్నెలు నాకేశాం. కొద్దికాలంలోనే ఆమె సాసు పేరు మా గల్లీ దాటింది. అపార్ట్‌మెంట్లలో పుట్టినరోజులకు, చిన్న చిన్న పార్టీలకు ఆర్డర్లు వచ్చేవి. గుజరాతీ ఆడవాళ్లు ఆమెను "సులోచనాబెన్" అని పిలుస్తుంటే ఆమె కొంగు సర్దుకుని కొంచెం నిటారుగా నిలబడేది.

నేను డిగ్రీ చదువుతున్నప్పటి వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ, దానితోపాటే వాసనా రుచీ పోయాయి. ఇలాంటిది ఒకటి ఉంటుందని మా గల్లీలో అప్పటికి ఎవరూ వినలేదు. డాక్టరు, నరాలు దెబ్బతిన్నాయి, రావచ్చు రాకపోవచ్చు అన్నాడట. ఆమె ఆ సంగతి మామకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రుచి తెలియని మనిషి చేతి వంట ఎవరు తింటారన్న భయం. అలవాటు కొద్దీ వండేది, మామ నోట్లో పెట్టి అడిగేది. ఆయన ప్రతిసారీ "మంచిగుంది" అనేవాడు. అన్నానికి వచ్చేవాళ్లు మాత్రం ఒక్కొక్కరే ఏదో వంక చెప్పి తప్పుకున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మ ఇచ్చిన పెరుగు గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మామ అన్నం తింటున్నాడు. అత్త నాకూ వంకాయ కూర వేసి పెట్టింది. ఒక్క ముద్ద తిని, "అత్తా, ఏందిది, ఉప్పు కుప్పపోసినవా? నోట్లె పెట్టెతట్టు లేదు" అన్నాను. నా నోటి సంగతి గల్లీ అంతా తెలుసు. ఈ నోటితో నువ్వు ఏ ఇంట్లో నిలుస్తావే అని అమ్మ రోజూ తిట్టేది.

అత్త నన్ను చూడలేదు. మామ కంచం వైపు చూసింది. కూర సగానికి పైగా అయిపోయింది.

"నువ్వు మంచిగుందంటివి గదా?"

మామ తల వంచుకున్నాడు. "నీ మనసు నొస్తదని..."

"ఇన్ని దినాల సంది గిదే తింటున్నవా?"

అత్త ఆయన ముందు నుంచి కంచం తీసి పక్కన పెట్టి, కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. నాకేమీ అర్థం కాక బిత్తరపోయి నిలబడ్డాను. కాసేపటికి ఆమే కళ్లు తుడుచుకుని సంగతంతా చెప్పింది. "నువ్వొక్కదానివే నిజం చెప్పినవ్ బిడ్డా. రేపటి సంది జర వచ్చి రుచి చూడు" అంది.

అలా కాలేజీ నుంచి రాగానే వాళ్లింటికి వెళ్లడం మొదలైంది. అదంత సులువు కాదని మొదటిరోజే తెలిసింది. "బాగుంది" అంటే ఆమె ఒప్పుకునేది కాదు. "బాగుంది, బాగలేదు, గవి నాకెందుకు? ఏమున్నదో చెప్పు. పులుపు ముందుగాల తెలుస్తున్నదా, మింగినంక తెలుస్తున్నదా? కారం నాలిక మీదున్నదా, గొంతులున్నదా?" నేను మళ్లీ రుచి చూసి, ఆలోచించి చెప్పాల్సి వచ్చేది. అలా ఆలోచించి మాట్లాడటం నాకు కొత్త. ఒకసారి విసుగొచ్చి, "సాసు కంపు లేసింది, పారబొయ్" అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. గరిటె కింద పెట్టి నా వైపు తిరిగింది.

"పారబొయ్ అంటే నేనేం జెయ్యాలె కవితా? వెల్లుల్లి మాడిందా, టమాట పచ్చిగున్నదా? తప్పు చెప్పుడు సగం పనే. ఏం జేస్తే సక్కగైతదో గూడ చెప్పాలె. లేకుంటే నీ మాటకు, గా మొరుగుతున్న కుక్కకు ఫరకేమున్నది?"

మామ పక్కనుంచి నవ్వాడు. నాకు ఉక్రోషం వచ్చింది కానీ, మళ్లీ చెంచా అందుకున్నాను. వెల్లుల్లి మాడింది. అదే చెప్పాను. ఆమె బాణలి కడిగి మళ్లీ పెట్టింది.

హీనాబెన్ అని ఒకామె తన కూతురి పుట్టినరోజుకు పాస్తా చెప్పింది. అప్పటికే చాలా ఇళ్ల ఆర్డర్లు తగ్గిపోయాయి, ఆమె కూడా మానేస్తే మిగిలేది పెద్దగా ఏమీ లేదు. ఆ రోజు అత్త ఉదయం నుంచి కంగారుగానే ఉంది. పెద్ద గిన్నెలో సాసు కుతకుతలాడుతుండగానే తొందరలో మీగడ పోసి, చీజు తురుము వేసింది. నేను చెంచాతో తీసుకున్నాను. చూడ్డానికి రంగు బాగానే ఉంది. నోట్లో మాత్రం విరిగిన పాలలా పలుకులు తగిలాయి. కింద పులుపు వేరుగా, పైన కొవ్వు వేరుగా నిలబడ్డాయి.

"విరిగింది అత్తా."

మామ గడియారం చూశాడు. "చిన్నపిల్లలకేం తెలుస్తది? పంపుదాం పా" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఇంకో ఇల్లు చేజారిపోతుందని ఆయన భయం. అత్త నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను అప్పుడు చెప్పబోయే మాట మీద ఆమె పని మొత్తం ఆధారపడి ఉందని తెలిసి, ఇంకో చెంచా తీసుకుని మళ్లీ రుచి చూశాను.

"పంపొద్దు. మంట ఎక్కువుండె, పులుపు తగ్గకముందే మీగడ పోసినం. టమాట ఇంకొంచెంసేపు మగ్గాలె, జర చక్కెర ఎయ్యాలె. పొయ్యి బందు జేసినంక మీగడ పోద్దాం" అన్నాను.

అత్త ఫోన్ తీసుకుంది. ఆలస్యానికి కరెంటు పోయిందనో, గ్యాస్ అయిపోయిందనో చెబుతుందనుకున్నాను. ఆమె తనకు వచ్చిన హిందీలో, సాసు విరిగిందని చెప్పింది. ఆగి, ఊపిరి తీసుకుని, తనకు కొన్నాళ్లుగా రుచి తెలియడం లేదని, ఒక పిల్ల రుచి చూసి చెబుతుంటే వండుతున్నానని కూడా చెప్పేసింది. అవతలి నుంచి హీనాబెన్ గొంతు నాకూ వినిపించింది. "కాంఈ వాంధో నహీ, ఏం ఫర్వాలేదు, సులోచనాబెన్. పిల్లలను నేను ఆడిస్తుంటాను. మీరు నెమ్మదిగా చేసి పంపండి."

మళ్లీ మొదటి నుంచి చేశాం. మామ టమాటాల తొక్క తీశాడు. గుజ్జు దగ్గరపడి, అంచుల్లో వెన్న తేలేదాకా అత్త కదలలేదు. పొయ్యి ఆపి, గిన్నె అంచు మీద చెయ్యి పెట్టి వేడి తగ్గిందని తెలిశాక మీగడ పోసింది. చీజును పిడికెడు పిడికెడుగా చల్లుతూ కలిపింది. గరిటె తిరుగుతున్న బరువును బట్టి, "ఇగో, ఇప్పుడు చీజు కరుగుతున్నది, చెయ్యికి తెలుస్తున్నది" అంది. నేను రుచి చూశాను. పులుపు ముందుగా పలకరించి తప్పుకుంది. తర్వాతంతా కమ్మదనమే. ఆ మాటలే చెప్పాను. ఆమె ఆ రోజు మొదటిసారి కూర్చుంది.

రుచి పోయిన సంగతి బయటపడ్డాక కొందరు ఆర్డర్లు మానేశారు. హీనాబెన్ మాత్రం మానలేదు, తెలిసినవాళ్లకు కూడా చెప్పింది. మరుసటి చలికాలంలో ఒక ఆదివారం మామ మమ్మల్నిద్దరినీ డుమస్ తీసుకెళ్లాడు. సముద్రం ఒడ్డున బండి మీద వేడివేడి టమాటా భజియాలు తింటున్నాం. అత్త కొరికి, నమలడం ఆపేసింది.

"కవితా, ఇది పుల్లగున్నదా?"

"ఆ, పుల్లగనే ఉన్నది."

"నిజం చెప్పు."

"ఒట్టు అత్తా. లోపల టమాట పుల్లగున్నది."

ఆమె ఇంకో ముక్క కొరికింది. మామ ముఖం తిప్పుకుని సముద్రం వైపు నడిచి వెళ్లి, చాలాసేపటి దాకా తిరిగి రాలేదు. ఆ తర్వాత నెమ్మదిగా ఉప్పూ తీపీ తెలిశాయి. వాసన మాత్రం ఎప్పటికీ రాలేదు. అయినా ఆమె పొయ్యి ఆరలేదు.

చదువయ్యాక నాకు సూరత్ పక్కనే ఉన్న సచిన్ అనే ఊళ్లో ఒక అద్దకం మిల్లులో బట్ట నాణ్యత చూసే పని దొరికింది. రంగు సరిగ్గా లేని బట్ట తాను వస్తే "ఖరాబ్" అని రాసి తోసేయడం అక్కడ అందరూ చేసే పనే. నేను రంగు ఎక్కడ పలచబడిందో, ఎందుకు పలచబడి ఉంటుందో, తిరిగి ముంచితే సరిపోతుందో లేదో చెబుతాను. అద్దకం మేస్త్రీలు మొదట్లో నా మాటకు ముఖం మాడ్చుకునేవారు, ఇప్పుడు వాళ్లే పిలిచి చూపిస్తారు. నా నోరు ఇంకా పెద్దదే. అమ్మ భయపడినట్టు ఆ నోటి వల్ల నేను ఏ ఇంట్లోంచీ బయటికి రాలేదు.

రెండేళ్ల కిందట అత్త కడుపులో గడ్డ అని తెలిసింది. ఆమె పోవడానికి ముందు చివరిసారి వెళ్లినప్పుడు మంచం చుట్టూ ఉన్నవాళ్లందరూ తేరుకున్నావనీ, ముఖం కళగా ఉందనీ చెబుతున్నారు. వాళ్లు వెళ్లాక ఆమె నా చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పు. నేనెట్లున్న?" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అయినా ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాను. ఆమె అడిగింది అదే కాబట్టి.

"మొఖం గుంజుకపోయింది అత్తా. పెదవులు ఎండినయ్. జుట్టంతా చిక్కుపడ్డది. కండ్లు మాత్రం ఎప్పటి లెక్కనే ఉన్నయ్. పెదవులకు జర నెయ్యి రాసి, తల దువ్వుతా."

ఆమె పెదవుల మీదికి నవ్వు వచ్చింది. "గట్ల చెప్పాలె" అని నెమ్మదిగా అటు తిరిగి పడుకుంది, తల నా చేతికి అందేలా.

చిక్కులు తీస్తూ చాలాసేపు కూర్చున్నాను. జబ్బుపడ్డవాళ్ల దగ్గరికో, కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికో వెళ్లినప్పుడు ఇప్పటికీ నేను బాగున్నావని అనలేను. ఆ మనిషిని కాసేపు చూస్తాను. నా చేతులు చేయగల పని ఏదైనా కనిపించాకే నోరు విప్పుతాను.