మూడు ఒకట్లు

న్యూజిలాండ్‌లో పాములు లేవు. ఆ దేశం గురించి మావాళ్లకు నేను గొప్పగా చెప్పుకునే విషయాల్లో ఇది మొదటిది. రెండోది ఇంకా దొరకలేదు. తొమ్మిదేళ్లు ఆక్లాండ్‌లో ఉన్నాక, కింద చూసి నడిచే అలవాటు పోయింది. పోయిన సంగతి నాకు తెలియదు.

మొన్న వేసవిలో బూర్గంపాడులో ఒక పెళ్లికి వెళ్లి, బావ బండి మీద ఖమ్మం వస్తున్నాం. బావంటే మా అక్క మొగుడు. జూలూరుపాడు ఇంకా రాకముందే, అడవిలో రోడ్డు పక్కన తునికి పండ్లు కనిపించాయి. బండి ఆపించి, చెప్పుల కాళ్లతో ఎండుటాకుల్లోకి నడిచాను.

"ఏయ్, ఆగవే! కింద చూడు!"

బావ నా చెయ్యి పట్టి వెనక్కి లాగబోయి, తానే ముందుకు తూలాడు. ఆకులు కదిలాయి. మడమ పట్టుకుని కూలబడ్డాడు. రెండు చుక్కల రక్తం.

"కరిసింది," అన్నాడు. "ఏం పామో చూడలే."

ఫోన్ తీసి అంబులెన్సుకు కొట్టాను. నంబరు సరిచూసుకోమని ఒకమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే మర్యాద.

"ఏ నంబర్ కొడుతున్నవే?"

"వన్ వన్ వన్."

"అది ఏడిది?"

"ఆక్లాండ్‌ది, బావా."

"ఆళ్లు వచ్చేసరికి నా దినాలు గూడ అయిపోతయ్. వన్ నాట్ ఎయిట్ కొట్టు, జల్దీ!"

మొదటి అంకె సరిగ్గానే నొక్కానని అప్పుడు చెప్పలేదు. అంబులెన్సు వచ్చేదాకా, విషం ఎక్కితే ముద్దవుతుందంటారు కాబట్టి, ఆయన మాట తడబడుతోందేమోనని వింటూ కూర్చున్నాను. మాట ఆగినప్పుడల్లా ఏదో ఒకటి అడిగాను. పెళ్లిలో కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగాను.

దవాఖానాలో బావ రక్తం కొంచెం గాజు గొట్టంలో తీసి, కదపకుండా పెట్టారు. ఇరవై నిమిషాల్లో గడ్డకడితే మంచిదట. కట్టకపోతే విషం ఎక్కినట్టేనట.

ఒకసారి ఆక్లాండ్‌లో వంటింటి నిండా పొగ కమ్మితే నేను మూడు ఒకట్లు కొట్టలేదు. ఖమ్మంలో ఖానాపురం హవేలిలో ఉన్న అక్కకు కొట్టాను. "ముందుగాల స్టవ్ ఆర్పు, తర్వాత ఏడువు" అంది. అక్కడ భయమేస్తే ఇక్కడికి, ఇక్కడ భయమేస్తే అక్కడికి. ఇప్పుడీ గొట్టం ముందు కొట్టడానికి ఏ నంబరూ లేదు. అక్కకే కొట్టాలనిపిస్తోంది. అక్కకే చెప్పలేను.

నర్సు గొట్టం వంచింది. రక్తం జారలేదు.

"కట్టింది. అయినా రేపటిదాక ఉంచుతరు," అంది.

అప్పుడు అక్కకు ఫోన్ చేశాను. అంతా విన్నది.

"అడవిల ఎండుటాకుల్ల కాలు పెడతరా ఎవరన్న? ఏ ఊరిదానివే నువ్వు?"

అది తిట్టే. అయినా జవాబు కోసం ఆలోచించాను.

బావ బాగానే ఉన్నాడు. నేను తిరిగి ఆక్లాండ్ వచ్చేశాను. ఇక్కడ కత్తిరించిన గడ్డి మీద కూడా కింద చూసుకుంటూ నడుస్తున్నాను. ఏం పోగొట్టుకున్నావని పక్కింటావిడ అడిగింది. చెవి కమ్మ అన్నాను. నాలుగు రోజులుగా ఆవిడ కూడా వెతుకుతోంది.