మీటరు బాబాయ్ కొట్టేసిన వాక్యం

మా ఆయన్ని షెడ్డులో అందరూ మీటరు బాబాయ్ అనేవారు. కరెంటు ఆటోలు తయారుచేసే చిన్న కంపెనీ అది. బ్యాటరీలోకి వెళ్లే ప్రతి సెల్లునీ ఆయన మీటరు పెట్టి చూడాల్సిందే. ఒక్కటి నీరసంగా ఉన్నా బండి మొత్తాన్ని ఈడ్చేస్తుందనేవారు. వైర్లకి టంకం వేసి వేసి వేళ్ల చివర్లు కాలి మొద్దుబారిపోయాయి. నాకు జ్వరం వస్తే చేతి వెనకవైపుతో నుదురు చూసేవారు.

ఆయన పోయి ఏడు నెలలైంది. ఆ ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం రాసిపెట్టాలనిపించింది.

మొదట్లో జీతాలు సరిగ్గా ఇవ్వలేక ఓనరు ఆరుగురు పనివాళ్లకీ తలా యాభై షేర్లు ఇచ్చారు. మొత్తం షేర్లు వెయ్యి, అంటే ఇరవయ్యో వంతు మాది. ఈయన రోడ్డు మీద ఆ ఆటోలు లెక్కపెట్టి, ఇరవయ్యోది కనబడగానే "అదుగో, మనది!" అనేవారు. "అయితే ఎక్కండి, డబ్బులు అడగడేమో," అనేదాన్ని. కొత్త షేర్లు వేయాలంటే ఆరుగురూ ఒప్పుకోవాలని అప్పటి కాగితంలో ఉంది.

ఆ రోజు షెడ్డు నుంచి ఫోను చేశారు. "కళ్లద్దాలు మర్చిపోయాను, వెంటనే పట్టుకురా." వెళ్లేసరికి మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. బల్ల చుట్టూ ఐదుగురు నిలబడ్డారు, వాళ్ల సంతకాలైపోయాయి. ఈయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. నాలుగింటికల్లా ఆ ఒప్పుకోలు కాగితం అందకపోతే కంపెనీలో కొత్తగా డబ్బు పెట్టేవాళ్లు తప్పుకుంటారట. అప్పటికే మూడుంపావు.

"పిన్ని వచ్చేసింది. ఇక పరీక్ష రాయి బాబాయ్," అన్నాడు వెల్డరు.

"మీ యాభైలో ఒక్కటీ తగ్గదు," అన్నారు ఓనరు. "కొత్తగా నాలుగు వేలు వేస్తున్నాం. వాటా కాస్త పలచబడుతుంది, అంతే."

"ఇరవయ్యో వంతు కాస్తా వందో వంతవుతుంది. అది కాస్తా బాబూ?" అన్నారు ఈయన.

"డబ్బు రాకపోతే షెడ్డుకి తాళమే," అన్నాడు పెయింటరు. "అప్పుడు ఆ తాళంలో ఇరవయ్యో వంతు నీకిస్తారులే. మా నోటికాడ కూడు తియ్యకు బాబాయ్."

ఈయన వేలు పెట్టి చదువుతూనే ఉన్నారు. ఒకచోట వేలు ఆగింది.

"'ఇకపైన ఎన్నిసార్లు షేర్లు వేసినా మాకు అభ్యంతరం లేదు.' ఇదెవరైనా చూశారా?"

వెల్డరు గబుక్కున కాగితం మీదికి వంగాడు.

"అది అందరూ మామూలుగా రాసేదే," అన్నారు ఓనరు.

"మామూలుదేగా, తీసేద్దాం. షెడ్డు నిలవాలి, ఈసారికి ఒప్పుకుంటున్నాను. వచ్చేసారి మళ్లీ అడగండి. మనిషిని పలచన చేసేటప్పుడు మొహం చూసి చెయ్యాలి బాబూ."

ఓనరు ఫోను పట్టుకుని బయటికి వెళ్లారు. కిటికీలోంచి ఆయన అటూ ఇటూ తిరగడం కనిపిస్తోంది, మాట వినబడదు. పెయింటరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఈ మొండితనంతో ఇంతమంది పొట్టలు కొడుతున్నారేమోనని నాకు ఈయన్ని అక్కడే తిట్టాలనిపించింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా ఓనరు లోపలికొచ్చి పెన్ను బల్ల మీద పెట్టారు.

"కొట్టేయండి."

ఈయన ఆ వాక్యం మీద గీత గీసి, పక్కన సంతకం పెట్టారు. కింద ఇంకోటి పెట్టారు. తర్వాత ఐదుగురూ ఒకరి వెనక ఒకరు వంగి, ఆ గీత పక్కన మళ్లీ సంతకాలు చేశారు.

పోయిన వారం ఓనరు కొత్త కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని, "మళ్లీ షేర్లు వేయాలమ్మా. బాబాయ్ వాటా ఇప్పుడు మీదే కదా, మీరు ఒప్పుకోవాలి," అన్నారు.

"ఉంచి వెళ్లండి," అన్నాను. "నేను చదవడానికి టైము పడుతుంది."