మొదటి పిలుపుకు

ఫినాయిలుతో తుడిచిన నేల ఆరుతున్నప్పుడు వచ్చే వాసనకు నా ఒళ్లు ఇప్పటికీ జలదరిస్తుంది. మొన్న మేడ్చల్‌లో బ్యాంకు తలుపులు తీసీ తీయకముందే లోపలికి వెళ్లాను. తడి నేల, కిటికీలోంచి పడే వెలుగు, ఎవరూ కూర్చోని కుర్చీలు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుని నన్ను దాటి వెళ్లారు. నేను మాత్రం కాసేపు రూతమ్మగారి గదిలోనే ఉన్నాను.

తొంభైల చివర రూతమ్మగారు మేడ్చల్‌లో ఒక చర్చి వెనక గదిలో కౌన్సిలర్‌గా మనుషుల బాధలు వినేవారు. అప్పట్లో మా వైపు కౌన్సిలర్ అంటే ఓట్లకు నిలబడే మనిషి అనుకునేవారు. ఒకరు వెళ్లి మరొకరు వచ్చేలోపు ఆమే నేల తుడిచేవారు. ఆసుపత్రిలో నర్సుగా ఏళ్ల తరబడి చేసిన అలవాటు. గదిలో మూడు కుర్చీలు. ఒకటి ఆమెది, ఒకటి వచ్చినవాళ్లది. మూడోదానిలో ఎవరూ కూర్చోగా నేను చూడలేదు. దాన్నీ తుడిచేవారు. ఒకసారి దానిమీద నా సంచి పెట్టబోతే చెయ్యి అడ్డుపెట్టారు. అక్కడ ఎవరో ఉన్నారన్నట్టే ఆపారు.

నన్ను అక్కడికి పంపింది నా భార్య లక్ష్మి. కారణం మా పాప స్వప్న. నాలుగేళ్ల పిల్ల, నన్ను పిలిచినప్పుడల్లా ఒక్కో వేలు ముడుస్తూ మూడుసార్లు పిలిచేది. మొదటి పిలుపుకు నేను పలకనని దానికి తెలిసిపోయింది. లక్ష్మి పొద్దున్నే సూరారంలో పనికి పోయేది. నాది రెండో షిఫ్టు కాబట్టి మధ్యాహ్నం దాకా పిల్ల నా దగ్గరే. ఒకరోజు మూత తీసి ఉన్న నీళ్ల సంపు అంచున పాప కాలు జారింది. ఒక్కసారే పిలిచింది. నేను పది అడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. పక్కింటామె పరుగెత్తుకొచ్చి జుట్టు పట్టుకుని పైకి లాగింది. లక్ష్మి వచ్చాక నన్ను తిట్టలేదు.

"సంపుల పడ్డంక గూడ అది మూడుసార్లు పిలవాల్నా? పిల్లను నీ చేతిల వెట్టి నేను పనికెట్ల పోవాలె?" అని మాత్రం అడిగింది.

మూడు పిలుపుల లెక్క మా అవ్వది. మిట్టమధ్యాహ్నం ఎవరైనా పేరు పెట్టి ఒక్కసారే పిలిస్తే పలకకూడదు, మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు, మరోటైతే ఒక్కసారే పిలుస్తుంది అని చిన్నప్పుడు చెప్పేది. అప్పటికి పదేళ్లుగా నన్ను రోజూ మధ్యాహ్నం ఒక గొంతు ఒక్కసారి పిలుస్తూ ఉండేది. "మల్లిగా" అని. అది మా అన్న నర్సింలు గొంతు. అన్న శామీర్‌పేట దగ్గర మా పొలం బావిలో పోయాడు.

మొదటిరోజు రూతమ్మగారి ముందు నేను చాలా మాట్లాడాను. పదో తరగతితో చదువు ఆగినా, శాఖా గ్రంథాలయంలో మనస్తత్వశాస్త్రం అని రాసి ఉన్న అరలో ఒక్క పుస్తకం వదల్లేదు. నాకున్నది శ్రవణ భ్రాంతి అనీ, దాని మూలం అపరాధ భావన అనీ వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నారు.

"పేరు మంచిగనే వెట్టినవ్ మల్లేశం. తొట్టెల పండుగ గూడ అయిపోయింది," అన్నారు. "ఇగ ఎత్తుకునేదెవరు?"

నాకు కోపం వచ్చింది. అయినా మళ్లీ వెళ్లాను. ముందు చెవుల డాక్టరుకు, తర్వాత మనసు డాక్టరుకు చూపించుకుని రమ్మన్నారు. ఆ కాగితాలు చదివాకే అసలు పని మొదలుపెట్టారు. కొన్నాళ్లు ఊపిరి లెక్కపెట్టించారు. కొన్నాళ్లు పాపతో గడిచిన ప్రతి పొద్దునా రాసుకుని రమ్మన్నారు. కొన్నాళ్లు ఊరికే కూర్చోబెట్టారు. ఏది ఏ పద్ధతో గ్రంథాలయంలో వెతికి పట్టుకునేవాణ్ని. ఇన్ని పద్ధతులు కలిపి వాడడానికి సమన్వయ విధానమని పేరుందని తెలుసుకుని, పరీక్ష పాసైనవాడిలా వెళ్లి చెప్పాను. ఆమె నవ్వి, తన గురించి చెప్పిన ఒకే ఒక సంగతి ఆరోజు చెప్పారు. వార్డులో పోయేముందు కొందరు ఎవరెవరినో పేరుపెట్టి పిలిచేవారట. డాక్టరు జ్వరమనేవాడు, పాస్టరు ప్రార్థన చేసేవాడు, ఇంటివాళ్లు నిమ్మకాయ దిష్టి తీసేవారు. ఆమె జ్వరం చూసి, ప్రార్థనకు తల వంచి, నిమ్మకాయకు అడ్డం చెప్పక, చివరికి మంచం పక్కన కూర్చుని ఎవరిని పిలుస్తున్నావని అడిగేవారు. అప్పుడు రోగి నిద్రపోయేవాడు. అలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలని నడివయసులో అల్వాల్ నుంచి రోజూ బస్సెక్కి వెళ్లి ఈ చదువు చదివారు.

ఆ రోజుల్లోనే ఒకసారి మేడ్చల్ కూరగాయల బజారులో ఆమె ఎదురయ్యారు. నా ముఖంలోకి చూశారు. కళ్లలో గుర్తుపట్టిన జాడ లేదు. గోడను చూసినట్టు చూసి వెళ్లిపోయారు. ఎండలో నిలబడి ఉన్నా చలి వేసింది. నేను అసలు ఆ గదికి వెళ్లానా, అలాంటి మనిషి ఉన్నారా అని అనుమానం పుట్టింది. తర్వాతి వారం అడిగాను. తాను పలకరిస్తే ఈ మల్లేశం ఎట్లా తెలుసని నలుగురూ అడుగుతారు, అందుకే బయట తాను ముందుగా ఎవరినీ పలకరించనని చెప్పారు.

"నువ్వు పిలువు, నేను పలుకుత. ఒక్కసారి పిలిస్తే సాలు."

ఆరోజే నా సమయం మార్చారు. ఇకనుంచి పాపను పక్కింట్లో వదిలి మధ్యాహ్నం పన్నెండుకు రమ్మన్నారు.

వెళ్లాను. ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. చర్చి ఆవరణలో పక్షి కూడా అరవడం లేదు. అప్పుడు కిటికీ వైపు నుంచి ఎప్పటిలాగే ఒక్కసారి "మల్లిగా" అని వినబడింది. రూతమ్మగారి కలం కాగితం మీద ఆగిపోయింది.

"మీకూ వినబడ్డదా అమ్మా?"

"నాకు ఇనబడితేంది, ఇనబడకపోతేంది? పిలిచింది నిన్ను." ఆమె మూడో కుర్చీని నా ఎదురుగా జరిపారు. "పలుకు."

ఆమె తొందరపెట్టలేదు. చివరికి, "ఆఁ, వస్తున్న అన్నా," అన్నాను. ఆ తర్వాత పదేళ్లుగా ఎవరికీ చెప్పనిది నోట్లోంచి వచ్చింది. ఆరోజు మిట్టమధ్యాహ్నం మోటారు నీళ్లు ఎత్తకపోతే అన్న బావిలోకి దిగాడు. నేను మోటారు గది నీడలో కూర్చుని గ్రంథాలయం పుస్తకం చదువుతున్నాను. అన్న పిలిచాడు. అది అన్న గొంతేనని నాకు తెలుసు. దయ్యమని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. పేజీ అయిపోయాక లేద్దామనుకున్నాను, అంతే. పేజీ పూర్తిచేసి వెళ్లేసరికి మెట్టు మీద చెప్పులున్నాయి. నీళ్లు కదలడం లేదు. ఇంట్లో మాత్రం, ఒక్కసారే పిలిచాడు, అవ్వ చెప్పినట్టు మూడో పిలుపు కోసం ఆగానని చెప్పాను. తన మాటే మనవణ్ని తిన్నదని అవ్వ ఏడ్చి ఏడ్చి పోయింది. నేను కాదనలేదు. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికే అప్పటినుంచి ఎవరి మొదటి పిలుపుకూ పలకలేదు.

నీ తప్పేం లేదని రూతమ్మగారు అంటారని ఎదురుచూశాను. అనలేదు.

"నువ్వు జల్దీ లేస్తే బతికేటోడా? నాకు తెల్వది, నీకూ తెల్వది. అది తెల్వకుంటనే బతకాలె," అన్నారు. "కాని ఇంట్ల నీ బిడ్డ పిలుస్తాంది. అది తెలుసు గదా."

ఆ రాత్రే లక్ష్మికి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు పనికి పోతూ పాపను నా దగ్గరే వదిలింది. సంపు మూతమీద మాత్రం రోలు దొర్లించి పెట్టి పోయింది. ఎండెక్కాక పాప గుమ్మంలోంచి పిలిచింది. "ఆఁ, వస్తున్న బిడ్డా," అని లేచాను. దాని ఒక వేలు ముడుచుకుని ఉంది, రెండోది సగంలో ఆగింది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని భయంగా తొంగిచూసింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు మూడుసార్లే పిలిచింది. ఎప్పుడు మానేసిందో గమనించలేదు.

రూతమ్మగారు పోయి చాలా కాలమైంది. అన్న పిలుపు ఆగిపోయిందని రాయగలిగితే చదివేవారికి హాయిగా ఉండేది. ఆగలేదు. మధ్యాహ్నం ఇప్పటికీ ఒక్కసారి వినబడుతుంది. "ఆఁ, వస్తున్న" అని, వాక్యం సగంలో ఉన్నా పుస్తకం బోర్లించి లేస్తాను. గుమ్మం దాకా వెళ్తాను. ఒక్కోసారి నిజంగానే ఎవరో వచ్చి ఉంటారు. చాలాసార్లు ఎవరూ ఉండరు. ఎండను చూస్తూ కాసేపు అక్కడే నిలబడతాను. రెండోసారి పిలవాల్సిన అవసరం అన్నకు రాకూడదు.